మన ఇల్లు ఎన్ని అడుగులు?



మీ ఇంటి పన్ను రసీదు ఎక్కడుంది? ట్రంకు పెట్టెలో ఉందా? దేవుడి పటం వెనక దోపారా? ఒకసారి తీసి ముందు పెట్టుకోండి. దాని మీద ఏమేం రాసి ఉందో నిదానంగా చదవండి.

పేరు ఉంటుంది. డోరు నంబరు ఉంటుంది. అసెస్‌మెంటు నంబరు అని ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. కట్టవలసిన రూపాయలు ఉంటాయి. మనలో చాలామంది రూపాయల కాడ ఆగిపోతాం. "ఎంత కట్టమన్నారు?" అనే అడుగుతాం. "అంత ఎట్టా అయింది?" అని అడగం.

రూపాయల వెనక ఇంకో అంకె ఉంటుంది. అది మన ఇంటి విస్తీర్ణం. అంటే మన ఇల్లు ఎంత జాగాలో కట్టి ఉందో చెప్పే అంకె. కొన్నిసార్లు రసీదు మీద అది ఉండదు. అట్లా ఉంటే ఆఫీసులో రిజిస్టరులోనో, కంప్యూటరులోనో ఉంటుంది. ఆ అంకె తప్పయితే పన్ను కూడా తప్పే. తప్పు ఒక ఏడాదితో పోదు. దిద్దేదాకా ఏటేటా వస్తూనే ఉంటుంది.

ఇంటి పన్ను అంటే చిన్న సంగతి అనుకోకండి

మన చీరాల కథ పెద్దవాళ్ళ నోట విన్నారా? 1919లో తెల్లవాళ్ళ ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. అక్కడ ఎక్కువమంది నేతపని వాళ్ళు, చిన్న వ్యాపారులు. కట్టలేమన్నారు. మునిసిపాలిటీ మాకు వద్దన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వాళ్ళకు నాయకుడు. పన్ను కట్టనందుకు జైలుకు పోయినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921లో వేలమంది తమ ఇళ్ళకు తాళాలు వేసి ఊరి బయటకు వెళ్ళిపోయారు. రామనగరం అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి పదకొండు నెలల పాటు అక్కడే ఉన్నారు.

ఆ రోజుల్లో అది పరాయి ప్రభుత్వం మీద పోరాటం. ఇప్పుడు మన పని అంత పెద్దది కాదు. పన్ను ఎగ్గొట్టమని ఇక్కడ ఎవరూ చెప్పటం లేదు. వీధి దీపం, మంచినీళ్ళ కుళాయి, మురుగు కాలవ అన్నీ మన పన్నుతోనే నడవాలి. న్యాయంగా రావలసినంతే కడతాం. ఒక్క రూపాయి కూడా తప్పు లెక్కకు కట్టం. అంతే.

పన్ను ఎట్లా లెక్క కడతారో దేశానికో తీరు. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా ఇంటికి ఎన్ని కిటికీలు ఉంటే అంత పన్ను వేశారు. జనం ఏం చేశారు? కిటికీలకు ఇటుకలు పెట్టి మూసేశారు! గాలీ వెలుతురూ లేకుండా బతికారు. మన కాడ ఆ బాధ లేదు. మన కాడ చూసేవి ఇంటి విస్తీర్ణం, అది ఉన్న చోటు, కట్టిన తీరు, వాడుక, వయసు.

లెక్క ఎవరు కడతారు?

పల్లెలో ఇంటి పన్ను గ్రామ పంచాయతీది. 1994లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టం పంచాయతీకి ఆ అధికారం ఇచ్చింది. కొత్త పన్ను వేయాలన్నా, ఉన్న పన్ను పెంచాలన్నా ఆ సంగతి గ్రామసభ ముందు పెట్టాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. గ్రామసభకు మగవాళ్ళే పోవాలని ఎక్కడా రాయలేదు.

పట్టణంలో ఇంటి పన్ను మునిసిపాలిటీది. దానికి 1965 నాటి చట్టం ఉంది. 1990లో ఆ చట్టం కింద కొన్ని నిబంధనలు వచ్చాయి. ఇంటి విస్తీర్ణాన్ని పట్టి అద్దె విలువ కట్టటం అప్పుడు వచ్చింది. ఏ పేట, స్లాబా రేకులా పెంకులా, ఉండే ఇల్లా కొట్టా, ఎన్నేళ్ళ నాటిది, ఎన్ని మీటర్లు, ఇవన్నీ చూసి లెక్క కట్టేవాళ్ళు.

2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పద్ధతి మార్చింది. అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద పన్ను వేయాలని చెప్పింది. స్థలం విలువ, కట్టడం విలువ కలిపితే ఆస్తి విలువ. ఇది 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో అమలుకు వచ్చింది. పద్ధతి మారినా విస్తీర్ణం మాత్రం పోలేదు. కట్టడం విలువ తేల్చాలంటే అడుగులు కావాలి కదా!

ఆ నిబంధనల్లో మనలాంటి వాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. సొంతదారే కాపురం ఉండే ఇల్లు 375 చదరపు అడుగుల లోపు ఉంటే, ఏడాదికి పన్ను 50 రూపాయలే అని పెట్టారు. 376 అడుగులయినా సరే, ఆ వరసలోకి రాదు. రేట్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి. మీ ఊళ్ళో ఇప్పుడు ఎంతో మీ నోటీసు చూసి, ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఈ 375 అంకె మాత్రం గుర్తుపెట్టుకోండి. చిన్న తప్పు ఎంత పని చేస్తుందో దీనితోనే తెలుస్తుంది.

సెంటు స్థలం, ఒక గీత తప్పు

ఒక అక్క ఉందనుకుందాం. మిరపకాయలు కోయటానికి, పత్తి తీయటానికి పోతుంది. పట్టణం అంచున కాలనీలో ఆమె పేరుతో సెంటు స్థలం వచ్చింది. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి ప్రభుత్వం ఇట్లా చాలామంది ఆడవాళ్ళ పేరుతో పట్టాలు ఇచ్చింది కదా, అట్లాంటిదే. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుంది. ఇంటికి పన్ను వేశారు. నోటీసు వచ్చింది. ఆమె చదివింది. ఇల్లు 435 చదరపు అడుగులు అని ఉంది!

ఆమె నోటీసు పట్టుకుని ఆఫీసుకు పోయింది.

"ఏందయ్యా ఇది? మా ఇల్లు 340 అడుగులే. 435 ఎట్టా అయింది?"

"పట్టాలో ఉన్నదే ఎక్కించామమ్మా."

"పట్టాలో ఉన్నది స్థలం కదయ్యా! స్థలం అంతా ఇల్లు కట్టలేదు. ముందు వాకిలి ఉంది, పక్కన సందు ఉంది."

చూశారా! ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఒక చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. 48.4ను 9తో హెచ్చవేస్తే 435.6 వస్తుంది. అది స్థలం కొలత. రాసేవాళ్ళు దాన్ని తెచ్చి ఇంటి కొలత గడిలో రాశారు. ఇల్లు 375 దాటిపోయింది. యాభై రూపాయల వరస నుంచి ఆమె బయటపడింది. ఇక ఏటా ఎక్కువ కట్టాలి.

తప్పులు ఎక్కువగా ఇట్లాగే పుడతాయి. ఎవరో కావాలని చేసిన మోసం అన్ని చోట్లా ఉండదు. పాత రిజిస్టరు నుంచి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 360 కాస్తా 630 అవుతుంది. వాకిట్లో నిలబడి కళ్ళతో అంచనా వేసి రాసుకుపోతారు. పాత పెంకుటిల్లు పడగొట్టి చిన్న డాబా వేసుకుంటే, రెండూ ఉన్నట్టే లెక్కలో ఉండిపోతాయి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటారు. అన్నగారి పేరున ఇల్లంతా ఉంటుంది, తమ్ముడి భార్యకు విడిగా ఇంకో నోటీసు వస్తుంది. ఒక్క ఇంటికి రెండు పన్నులు!

మన వైపు ఇంకో చిక్కు ఉంది. పంట వచ్చే రోజుల్లో ముందు గది నిండా మిరపకాయ టిక్కీలు ఉంటాయి. వసారాలో పత్తి పోసి ఉంటుంది. ఆ రోజుల్లో కొలవటానికి వచ్చినవాళ్ళు దాన్ని గోడౌను అని రాసుకున్నారనుకోండి, వ్యాపారపు రేటు పడుతుంది. అది కాపురం ఉండే ఇంటి రేటు కంటే ఎక్కువ. మన చేలో పండిన కాయలు యార్డుకు పోయేదాకా మన ఇంట్లో పెట్టుకోవటం వ్యాపారం కాదు అని గట్టిగా చెప్పుకోవాలి. అదే ముందు గది వేరేవాళ్ళకు కొట్టుకు అద్దెకిచ్చామనుకోండి, అప్పుడది వ్యాపారమే. అక్కడ వాదించటం కుదరదు.

కొలిచి చూద్దాం

ఆఫీసుకు పోయే ముందు మన ఇల్లు మనం కొలుచుకోవాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. "ఎక్కువ రాశారయ్యా" అంటే ఎవరూ వినరు. "మీరు ఇంత రాశారు, ఉన్నది ఇంత" అంటే వింటారు.

మేస్త్రి దగ్గర ఉండే టేపు తెచ్చుకోండి. దర్జీ టేపు చాలదు, గుడ్డ టేపు సాగుతుంది కూడా. ఒకరు ఒక మూల పట్టుకోవాలి. ఇంకొకరు రెండో మూల కాడ చదవాలి. మూడో మనిషి కాగితం మీద రాయాలి. బడికి పోయే పిల్లలుంటే వాళ్ళకు ఇది మంచి ఆట.

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? ఇంటి బయట నుంచి. ఈ గోడ బయటి అంచు నుంచి ఆ గోడ బయటి అంచు దాకా. ఇక్కడే చాలా తగాదాలు వస్తాయి. మనం ఇంట్లో నిలబడి గది కొలుస్తాం. వాళ్ళు బయట నుంచి కొలుస్తారు. పన్ను లెక్కలో గోడ మందం కూడా కలుస్తుంది. దాన్ని పునాది విస్తీర్ణం అంటారు.

లెక్క చూడండి. లోపల గది పొడవు 20 అడుగులు, వెడల్పు 15 అడుగులు. రెండూ హెచ్చవేస్తే 300. గోడలు 9 అంగుళాల మందం. అటు 9, ఇటు 9, మొత్తం 18 అంగుళాలు. అంటే అడుగున్నర. బయట నుంచి కొలిస్తే పొడవు 21½ అడుగులు, వెడల్పు 16½ అడుగులు. హెచ్చవేస్తే 354¾. చూడండి, అదే ఇల్లు! లోపల 300, బయట దాదాపు 355. నోటీసులో 355 ఉంటే అది తప్పు కాదు. దానికోసం కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

అంగుళాల కాడ ఇంకో మోసం ఉంది. టేపు మీద 24 అడుగుల 6 అంగుళాలు వచ్చిందనుకోండి. దాన్ని 24.6 అని రాయకూడదు. అడుగుకు 12 అంగుళాలు. 6 అంగుళాలంటే అర అడుగు. కాబట్టి 24.5 అని రాయాలి. 3 అంగుళాలు పావు, అంటే .25. 9 అంగుళాలు ముప్పావు, అంటే .75. చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తప్పు రాస్తారు.

ఇల్లు నలుచదరంగా లేకపోతే? ముందు పెద్ద గది, పక్కకు వంటగది పొడుచుకుని ఉందనుకోండి. రెండు ముక్కలుగా చేసుకోండి. పెద్ద ముక్క 20 అడుగులు, 12 అడుగులు. 240 అయింది. వంటగది ముక్క 10 అడుగులు, 8 అడుగులు. 80 అయింది. రెండూ కలిపితే 320. ఒకే గోడను రెండు ముక్కల్లోనూ కలపకుండా చూసుకోండి.

ఇంటి కప్పు కింద ఉన్న వసారా లెక్కలోకి వస్తుంది. కప్పు లేని అరుగు, వాకిలి, దొడ్డి, మిరపకాయలు ఆరబోసుకునే కల్లం ఇంటి విస్తీర్ణంలోకి రావు. మేడ మీద గది ఉంటే దాన్ని వేరేగా కొలిచి కలపాలి. గొడ్లపాక ఉంటే దాన్ని ఇంటి గదితో కలిపి ఒకే అంకెగా వేశారేమో చూడండి. పాక పాకే, స్లాబు స్లాబే. రెంటికీ ఒకటే విలువ కడితే మనకు నష్టం.

కాగితం మీద ఇంటి బొమ్మ గీయండి. అందంగా ఉండనక్కరలేదు. నాలుగు గీతలు చాలు. ఏ గీత పక్కన ఎన్ని అడుగులో రాయండి. కింద మొత్తం రాయండి.

మీటర్లయితే ఎట్లా?

పట్టణం నోటీసుల్లో చాలాసార్లు చదరపు మీటర్లు ఉంటాయి. "32" అని చూసి, "మా ఇల్లు 32 అడుగులేనా?" అని నవ్వుకోవద్దు. ఒక చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు. నోటిలెక్కకు ఒక ఉపాయం చెబుతా. మీటర్ల అంకెను పదింతలు చేయండి. ఆ మీటర్ల అంకెలోనే ముప్పావు తీసి దానికి కలపండి. 32ను పదింతలు చేస్తే 320. 32లో ముప్పావు 24. మొత్తం 344. మన 340 అడుగుల ఇంటికి ఇది దగ్గరగానే ఉంది. తప్పు లేదు.

అదే నోటీసులో 58.5 మీటర్లు అని ఉంటే? పదింతలు చేస్తే 585. ముప్పావు దాదాపు 44. మొత్తం 629. ఇంట్లో కొలిస్తే 360 వచ్చింది. ఇక్కడ మాత్రం తప్పు ఉంది, కదలాలి.

అంకణాలు అని మన పెద్దవాళ్ళు చెబుతారు. "మాది ఆరంకణాల ఇల్లు" అంటారు. వినటానికి బాగుంటుంది. అర్జీలో మాత్రం అంకణాలు రాయొద్దు. అంకణం ఒక్కో వైపు ఒక్కో కొలత. అడుగులో, మీటర్లో రాయండి.

ఎవరి దగ్గరకు పోవాలి?

పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గరకు. పట్టణంలో అయితే మునిసిపల్ కమిషనరు పేరున అర్జీ రాయాలి. 2019 అక్టోబరు 2 నుంచి మన ఊళ్ళలో, వార్డుల్లో సచివాలయాలు వచ్చాయి కదా. అర్జీ అక్కడా ఇవ్వొచ్చు. మీ సేవ కేంద్రంలో కూడా అడగొచ్చు.

ముందు ఒక పని చేయండి. మీ ఇంటి లెక్క ఆఫీసులో ఏమని ఉందో ఒక కాగితం మీద తీసి ఇవ్వమనండి. అసెస్‌మెంటు నంబరు చెబితే కంప్యూటరులో వస్తుంది. ఆ కాగితాన్ని అక్కడే నిలబడి చదవండి. విస్తీర్ణం ఎంత? ఎన్ని అంతస్తులు? స్లాబా, రేకులా? కాపురమా, వ్యాపారమా? ఏ ఏడు కట్టింది? ఈ ఐదూ చూడండి. ఇల్లు పాతదయితే విలువ తగ్గాలి. ముప్పై ఏళ్ళ నాటి ఇల్లు నిన్న కట్టినట్టు రాసి ఉంటే అది కూడా దిద్దించుకోవలసిందే.

కొత్తగా పన్ను వేసినా, పెంచినా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలో ఆ నోటీసులోనే రాసి ఉంటుంది. ఆ రోజులు దాటనీయకండి. మిరప కోతలు, పత్తి తీతలు ఉంటాయి, తీరిక ఉండదు, నిజమే. అయినా గడువు కోసం ఒక పూట కూలి మానుకోక తప్పదు.

అర్జీ ఇట్లా రాయొచ్చు:

గౌరవనీయులైన మునిసిపల్ కమిషనరు గారికి (పల్లెలో అయితే: పంచాయతీ కార్యదర్శి గారికి),

నా పేరు ................. భర్త / తండ్రి పేరు ................. మా డోరు నంబరు ........ అసెస్‌మెంటు నంబరు ................

మా ఇంటి విస్తీర్ణం మీ రికార్డులో 630 చదరపు అడుగులు అని ఉంది. నేను కొలిపించగా గోడల బయట నుంచి పొడవు 24 అడుగులు, వెడల్పు 15 అడుగులు వచ్చింది. మొత్తం 360 చదరపు అడుగులు. ఇంటి కొలతల బొమ్మ జత చేశాను.

దయచేసి మీ సిబ్బందిని పంపి నా ఎదుట ఇల్లు కొలిపించి, రికార్డులో తప్పు దిద్దించగలరు. దాని ప్రకారం పన్ను తగ్గించి, ఇప్పటిదాకా ఎక్కువగా కట్టిన సొమ్మును రాబోయే పన్నులో సర్దుబాటు చేయగలరు.

తేదీ: .............. సంతకం

దీనికి ఏమేం జత చేయాలి? పాత పన్ను రసీదు నకలు, వచ్చిన నోటీసు నకలు, పట్టా లేక దస్తావేజు నకలు, ఆధారు నకలు, మీరు గీసిన బొమ్మ. ఇల్లు కట్టుకోవటానికి ప్లాను మంజూరు కాగితం ఉంటే అది చాలా బలం. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించి వెనక్కు తీసుకోండి.

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకం చేసి ఇవ్వమనండి. "ఎందుకమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. నవ్వుతూనే అడగండి, ముద్ర పడేదాకా కదలొద్దు. కంప్యూటరులో ఎక్కిస్తే నంబరు ఇస్తారు. ఆ నంబరు రాసుకోండి.

ఆఫీసు బయట కొంతమంది ఉంటారు. "ఐదొందలివ్వు అక్కా, నేను చేయిస్తా" అంటారు. వాళ్ళకు ఇవ్వొద్దు. మీరు చేసే పనే వాళ్ళూ చేస్తారు. కాదంటే ఇంకా పెద్ద తప్పు రాయించి పోతారు.

కొలవటానికి వచ్చిన రోజు

ఆఫీసు నుంచి మనిషి వచ్చిన రోజు ఇంట్లో ఉండండి. మీరు లేకపోతే విషయం తెలిసిన ఇంకొకరు ఉండాలి. టేపు రెండో కొస మీరే పట్టుకోండి. ఆయన రాసుకున్నది చూపించమనండి. ప్రతి అంకె మీ బొమ్మ మీద అంకెతో పోల్చండి. తేడా ఉంటే అక్కడే మళ్ళీ కొలవమనండి. ఆయన వెళ్ళిపోయాక గొడవపడి లాభం లేదు.

ఒక్కోసారి కొలిస్తే ఇల్లు రికార్డులో ఉన్నదానికంటే పెద్దదని తేలొచ్చు. ఏడాది కిందట వెనక గది వేసుకుని చెప్పకుండా ఊరుకున్నాం అనుకోండి, అది బయటపడుతుంది. అందుకే ముందు మనం కొలుచుకోవాలి అన్నాను. తక్కువ రాయించుకోవటం లాభం అని కొందరంటారు. నాకు మాత్రం అది నచ్చదు. తుపానుకు గోడ పడిపోయి సాయం అడిగినప్పుడు, బ్యాంకులో ఇంటి మీద అప్పు అడిగినప్పుడు, కాగితంలో ఉన్నది ఒకటి, ఇంట్లో ఉన్నది ఒకటి అయితే మన మాటకే విలువ పోతుంది.

పని జరగకపోతే?

రెండు మూడు వారాలు చూడండి. కబురు లేకపోతే ముద్ర వేసిన కాపీ పట్టుకుని మళ్ళీ పోండి. పల్లె సంగతి అయితే మండలంలో ఎం.పి.డి.ఓ.గారు, జిల్లాలో జిల్లా పంచాయతీ అధికారి ఉన్నారు. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. జిల్లా పేరు సరిగ్గా రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట వాళ్ళు ఇంకా గుంటూరు జిల్లా అనే రాస్తుంటారు. వాళ్ళది ఇప్పుడు పల్నాడు జిల్లా. వాళ్ళ కలెక్టరు ఆఫీసు నరసరావుపేటలోనే ఉంది. గుంటూరు దాకా బస్సు చార్జీ దండగ.

ఇంకో దారి కూడా ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. "నా అర్జీ మీద ఏం చేశారు? మా ఇల్లు ఎవరు, ఏ తేదీన కొలిచారు? కొలతల కాగితం నకలు ఇవ్వండి" అని ఆ చట్టం కింద రాసి అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దీనికి రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లకార్డు వాళ్ళకు ఎక్కడా రుసుము లేదు, కార్డు నకలు పెడితే చాలు. ఈ కాగితం పోయాక అటక మీద ఉన్న ఫైలు కిందికి దిగటం చాలామంది చూశారు.

ఈ లోపల పన్ను కట్టటం ఆపొచ్చా? ఆపొద్దు. పట్టణంలో మొదటి అర్ధ సంవత్సరం పన్ను జూను 30 లోపల, రెండోది డిసెంబరు 31 లోపల కట్టాలి. దాటితే నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ. వెయ్యి రూపాయల బాకీకి నెలకు 20, ఏడాదికి 240! తగాదా లేని పాత పన్ను ఉంటే అది కట్టి రసీదు తీసుకోండి. తేడా సొమ్ము సంగతి అర్జీలో రాశాం కాబట్టి అది తర్వాత తేలుతుంది.

ఒక మాట మరిచిపోకూడదు. పన్ను రసీదు ఇంటికి హక్కు పత్రం కాదు. పన్ను మన పేరుతో కడుతున్నాం కాబట్టి ఇల్లు మనదే అనుకోకూడదు. హక్కుకు దస్తావేజు, పట్టా కావాలి. అట్లాగే అత్తగారి పేరునో, పోయిన భర్త పేరునో పన్ను వస్తుంటే, పేరు మార్పు వేరే అర్జీ. కొలత అర్జీలో దాన్ని కలిపితే రెండు పనులూ ఆగిపోతాయి. వేరే కాగితం మీద వేరేగా రాయండి.

లెక్క దిద్దారు అని కబురు వస్తే నోటిమాట నమ్మి ఊరుకోవద్దు. కొత్త విస్తీర్ణం, కొత్త పన్ను ఉన్న కాగితం తీయించి చూసుకోండి. తర్వాత వచ్చే అర్ధ సంవత్సరం నోటీసులో మళ్ళీ చూడండి. ఒక చోట దిద్ది ఇంకో చోట దిద్దకపోతే పాత అంకె తిరిగి వస్తుంది. వస్తే ఆ దిద్దిన కాగితమే పట్టుకుని పోండి. ఈసారి మళ్ళీ కొలిచే పని లేదు, చూపిస్తే చాలు.

రేపు ఎప్పుడైనా ఒక గది పెంచుకున్నా, పాక తీసేసినా, ఆ నెలలోనే కొలిచి బొమ్మ మీద తేదీ వేసి మార్చి రాసుకోండి. ఆ బొమ్మను పన్ను రసీదులతో పాటు ఒకే సంచిలో ఉంచండి.